కిటికీ పెంచే ముందు ఈ ఉత్తరం చదవరా

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఎన్నాళ్లకో సొంత ఇల్లు కొన్నావన్న సంతోషంలో రెండుసార్లు చదివాను. ముందుగదిలో వెలుతురు చాలడం లేదని, మూల దగ్గరున్న కిటికీని గోడ చివరిదాకా పెంచుతున్నానని ఆఖర్న రాశావు చూడు, అక్కడ భూకంపం సంగతి గుర్తొచ్చి నాకు గుండె ఝల్లుమంది. మేస్త్రీ గోడ మీద సుత్తి వెయ్యకముందే ఇది నీకు చేరాలని రాత్రికి రాత్రే కూర్చుని రాస్తున్నాను.

మీ ఇంట్లో పిల్లర్లు లేవు. ఇనుము అన్నదే లేకుండా ఒట్టి ఇటుక గోడల మీద కప్పు నిలబడిన ఇల్లది. ఇటుక గోడ పైనుంచి చాలా బరువే మోస్తుంది. లాగితే మాత్రం సున్నమో సిమెంటో పెట్టిన అతుకు దగ్గర ఊడొస్తుంది. రోజూ ఉండేది పైబరువే కాబట్టి తరాలు గడిచినా ఏమీ కాదు. భూకంపం అలా కాదు, ఇంటిని పక్కకి ఊపుతుంది.

ఓ పని చెయ్యి. చెప్పుల అట్టపెట్టె తీసుకుని, మూత పక్కన పెట్టి, దాని గోడని ఎదురుగా వేలితో తోసి చూడు. లోపలికి వంగిపోతుంది. అదే గోడని పొడవు వెంబడి తొయ్యి, కదలదు. ఇంటి గోడలూ అంతే. ఊపుకి ఎదురుగా ఉన్న గోడ, ఊపు వెంబడి ఉన్న పక్కగోడల్ని పట్టుకునే నిలబడాలి. ఆ పట్టు ఉండేది మూలల్లో. ఇప్పుడు బ్లేడుతో మూలకి ఆనించి ఓ కిటికీ కొయ్యి, పెట్టె ఊపు. ముందు లొంగేది ఏ మూలో నీ చేతికే తెలుస్తుంది. నువ్వు చేద్దామనుకుంటున్నది అదేరా.

ఇంకో సంగతి. మనం గోడలో కిటికీనే చూస్తాం. భూకంపం ఊపుని మోసేది మాత్రం రెండు కిటికీల మధ్య మిగిలిన గోడముక్క. అది పొట్టిగా, వెడల్పుగా ఉంటే మొండిగా ఎదురు నిలబడి, చివరికి ఏటవాలుగా పగులుతుంది. నేల అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి రెండో పగులు మొదటిదానికి అడ్డంగా వచ్చి గుణకారం గుర్తు పడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉంటే అడుగున కాస్త లేచి అటూ ఇటూ ఒరుగుతుంది. పైబరువు దాన్ని మళ్లీ చోటుకి తెస్తుంది కాబట్టి నాకైతే ఈ రెండోదే కాస్త నయం అనిపిస్తుంది. కానీ మరీ సన్నమైతే దాని వాటా బరువు పక్క ముక్క మీద పడుతుంది. సన్నటి ముక్క వెడల్పు సగానికి తగ్గితే, వంగకుండా ఆపే బిగువు సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కిటికీ కిందికి దించినా ఇదే గొడవ, పక్కనున్న ముక్క ఇంకా పొడుగవుతుంది.

నేను అద్దెకున్న ఇంట్లో ఓసారి కిటికీ పైమూల దగ్గర పెచ్చు ఊడితే వేలు పెట్టి తడిమాను. పగులు తిన్నగా లేదు. అతుకుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కింది, ఇటుక ఒక్కటీ విరగలేదు. అది భూకంపం వల్ల వచ్చిందని కాదు. గోడలో ఒత్తిడంతా కన్నం మూలల దగ్గర పోగవుతుందని చెప్పడానికి రాశాను. నేల ఊగినప్పుడు పగులు మొదలయ్యేది కూడా సాధారణంగా అక్కడే.

మందపాటి గోడలే కదా అంటావేమో. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు నిద్రపోతున్న జనం మీద పడినవి మందపాటి రాతి గోడలే. మందం పెరిగితే బరువూ పెరుగుతుంది, పట్టు లేకపోతే ఆ బరువే చంపుతుంది. 2011 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపానికి 185 మంది పోయారు. వాళ్లలో దాదాపు 40 మంది ఇలాంటి ఇటుక కట్టడాలు కూలడం వల్లే పోయారు. చాలామంది వీధిలో ఉన్నవాళ్లు, పైనుంచి గోడలు రోడ్డు మీదికి పడ్డాయి.

కొలతలు కావాలంటే భూకంపాన్ని తట్టుకునే ఇళ్ల కోసం మన దేశంలో పెట్టిన ప్రమాణం ఐఎస్ 4326లో ఉన్నాయి. ప్రమాదం ఎక్కువున్న చోట్ల ఒక అంతస్తు ఇల్లయితే తలుపులూ కిటికీలూ కలిపి గోడ పొడవులో సగం దాటకూడదు. మూడు అంతస్తులైతే మూడో వంతే. కన్నం లోపలి మూలకి దూరంగా ఉండాలి. తలుపులూ కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే లింటెల్ బ్యాండ్, అంటే ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు పట్టీ ఉండాలి, అది పెట్టెకి కట్టిన తాడులాంటిది. మీ ఇంట్లో అది ఉండే అవకాశం తక్కువ.

అందుకని మూలని ముట్టుకోవద్దురా. వెలుతురు కావాలంటే వేరే గోడ మధ్యలో చిన్న కిటికీ పెట్టగలమేమో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించు, మేస్త్రీ ధైర్యం మీద వదిలెయ్యకు. ఈలోపు ప్రతి గోడ పొడవూ, తలుపులూ కిటికీల వెడల్పులూ, మూలల నుంచి వాటి దూరాలూ టేపుతో కొలిచి ఓ కాగితం మీద గీసి పంపు. కప్పు గోడ మీద ఊరికే ఆనుకుని ఉందో, గట్టిగా కట్టి ఉందో కూడా చూసి రాయి.

నీ
మిత్రుడు