పాత కార్ల సంఘం, చెన్నై – 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీ అందరి ముందు నేనొక మాట ఇచ్చాను. సంఘం హెరాల్డు కారుకు ఈ ఏడాది రంగు వేయిస్తానన్నాను. వేయించలేదు. రంగు కోసం మీరిచ్చిన డబ్బు కోశాధికారి గారి దగ్గర భద్రంగానే ఉంది, లెక్కల పట్టిక విడిగా జతచేశాం. ఏడాదంతా పెట్రోలు ట్యాంకుకే సరిపోయింది. అందుకే ఈ నివేదికలో సగానికి పైగా ట్యాంకు కథే.

కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు. ఈ కారు పుట్టిల్లు మన ఊరి పక్కనే. ఇటలీ రూపశిల్పి జొవాన్ని మికెలోట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండులో విడుదలైతే, 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు దాన్ని వండలూరు ఫ్యాక్టరీలో స్టాండర్డ్ హెరాల్డు పేరుతో తయారుచేశారు. ముందు రెక్కలతో (మడ్‌గార్డులతో) సహా బానెట్టు మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. 25 అడుగుల వలయంలో బండి వెనక్కి తిరిగిపోతుంది. పశ్చిమ మాంబళం సందుల్లో నడిపినవారికి ఆ గుణం విలువ చెప్పనక్కర్లేదు.

దీని ట్యాంకు డిక్కీలో ఒక పక్కగా ఉంటుంది. పైన చిన్న మీట. పాత స్కూటరు నడిపినవారికి రిజర్వు అంటే తెలుసు కదా, ఇదీ అదే. ఇంజనుకు పెట్రోలు లాగే గొట్టం మామూలుగా ట్యాంకు అడుగుకు కాస్త పైన ఆగుతుంది. బండి ఆగిపోతే దిగి, డిక్కీ తెరిచి, మీట తిప్పితే గొట్టం కొస కిందికి వాలుతుంది. అడుగున మిగిలిన దాదాపు ఒక గ్యాలను, అంటే నాలుగున్నర లీటర్లు, అప్పుడు అందుతుంది. మన కారులో ఆ మీట కదలదు. ఎప్పుడో ఒక మెకానిక్కు గొట్టాన్ని పై స్థానంలోనే నిలిపి, మీట చుట్టూ ఎపాక్సీ జిగురు ముద్ద పెట్టి బిగించేశాడు. మొదట అందరం ఆయన్ను తిట్టుకున్నాం. ట్యాంకు దించి చూశాక నోరు మూసుకున్నాం.

2015 డిసెంబరు వరదల్లో ఈ కారు కొట్టూరుపురంలో ఒక సభ్యుని షెడ్డులో ఉండేది. అడయారు నీళ్లు సీట్ల మీదికి వచ్చాయి. ట్యాంకులోకి కూడా చేరాయని అప్పుడు ఎవరికీ తట్టలేదు. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే కూర్చుంటుంది, రేకును తింటుంది. మీట తిప్పితే ఆ తుప్పు బురదే కార్బురేటరుకు పోయేది. మెకానిక్కు చేసింది మొరటు పనే, కానీ బుద్ధి తక్కువ పని కాదు.

కార్యవర్గంలో వాదన ఇక్కడ మొదలైంది. అంబత్తూరులో స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు చేయించి, పాత మీటను అందానికి పైన అతికిస్తే చాలని ఇద్దరు సభ్యులు అన్నారు. ఖర్చు తక్కువ, పని వారంలో తెములుతుంది. నేను ఒప్పుకోలేదు. పనిచేయని మీట బొమ్మ మీటే. మీట పనిచేయాలంటే అడుగు శుభ్రంగా ఉండాలి, కాబట్టి మీటను బాగుచేయడమంటే ట్యాంకును బాగుచేయడమే. దీనికి తోడు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషను, 'వీఏ' అక్షరాల నంబరు దక్కుతాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. ఆ మాట కోశాధికారి గారికి నచ్చలేదు గానీ ఓటు మాత్రం నా వైపే వేశారు.

పెరంబూరు రైలు కోచ్ ఫ్యాక్టరీలో రేకు పని చేసి రిటైరైన మన సభ్యులొకరు ఈ పని తలకెత్తుకున్నారు. ఆయన పెట్టిన మొదటి షరతు, పదిరోజుల దాకా ట్యాంకు దగ్గర ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదని. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. వేడినీళ్లు, సబ్బుతో మళ్లీ మళ్లీ కడిగాం. తుప్పు రాల్చడానికి నట్లు వేసి ఊపుదామని నేనంటే ఆయన నవ్వారు. ఆ కాలపు ట్యాంకుల రేకుకు సీసం, తగరం కలిపిన పూత ఉంటుంది, నట్లు దాన్ని కూడా గీకేస్తాయి. నిమ్మఉప్పు నీళ్లు నింపి ఉంచి, తర్వాత వంటసోడాతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టాం. కాస్త ఆలస్యమైనా మన ఊరి ఉప్పుగాలికి మళ్లీ ఎర్రబారుతుంది. అడుగున మూడు సూదిబెజ్జాలు బయటపడ్డాయి. ట్యాంకును తలకిందులు చేసి, అతికే చోటు వరకు నీళ్లు నింపి, దూరంగా కాల్చి తెచ్చిన రాగి కడ్డీతో ఆయన సీసం టంకం పోశారు. లోపల ఏ పూతా వేయించలేదు. వేసింది సరిగా పట్టకపోతే పొరలుగా లేచి గొట్టానికి అడ్డం పడుతుంది.

ఫ్యూయల్ గేజి ఎప్పుడూ ఖాళీ అనే చూపించేది. ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ మట్టం చూపించే ఇత్తడి బుడ్డిని తీసి చెవి దగ్గర ఊపితే గలగలమంది. పెట్రోలు చొరబడి మునిగిపోతోందన్నమాట. వేడినీళ్ల గిన్నెలో ముంచగానే ఒకే చోటు నుంచి సన్నటి బుడగల దారం లేచింది. అక్కడ చుక్క సీసం పడేసరికి గేజి నోరు తెరిచింది. రబ్బరు గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునేవి వేశాం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా అదే ఉంటోంది, పాత రబ్బరును నానబెట్టి పాడుచేస్తుంది. మీట కింది బిరడా (కార్కు) వాషరు కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట రెండూ తిరిగాను. దొరకలేదు. చివరికి బిరడా షీటు కొని మనమే కోసుకున్నాం.

ఒక ఆదివారం ఉదయం, డిక్కీలో క్యానుతో, కావాలనే కొద్ది పెట్రోలుతో జీఎస్‌టీ రోడ్డు పట్టాం. తాంబరం దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. అంత సంతోషంగా బండి ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. పెరంబూరు పెద్దాయన దిగి, డిక్కీ తెరిచి, మీట తిప్పారు. నేను పెట్రోలు పంపుకు ఉండే చేతిమీటను పదిసార్లు నొక్కాను. స్టార్టయింది. క్యాను మూత తీయకుండానే వండలూరు దాకా వెళ్లి, ఎప్పుడో మూతపడిన ఆ ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతంలో కాఫీ తాగి వచ్చాం.

మిగతా కార్యక్రమాలు: సంక్రాంతి ప్రదర్శన యథావిధిగా జరిగింది, వాన వల్ల జనం తగ్గారు. పిల్లల కోసం రెండు శనివారాలు కార్బురేటరు విప్పి చూపించాం, ఒక స్క్రూ ఇంకా కనబడలేదు. చందా బకాయిలున్నవారికి కోశాధికారి గారు విడిగా ఫోను చేస్తారు.

రంగు పని వచ్చే ఏడాది ఎజెండాలో మొదటి అంశం. ఈలోగా ట్యాంకు మూత ఒకటి కావాలి. ఇప్పుడున్నది వేరే బండిది, మలుపులో పెట్రోలు చిమ్ముతోంది. మీ ఇళ్లలో నాన్నగారి కాలం నాటి సామాన్ల డబ్బాలుంటే ఒకసారి బోర్లించి చూడండి.

– కార్యదర్శి