ఇంజిన్ కూర్చుంది, వైరింగే మిగిలింది

కొలంబస్, ఒహాయో

నాన్నగారికి,

మీకూ అమ్మకీ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. మోకాలికి ఫిజియోథెరపీ మొదలుపెట్టారని అక్క చెప్పింది. నొప్పి తగ్గింది కదా అని అమ్మ మధ్యలో మానేస్తుంది, మీరు దగ్గరుండి పంపించండి.

మొన్న ఫోన్లో మీరు రెండు సంగతులు అడిగారు. ఇంజిన్ ఎక్కించి ఇంత కాలమైనా అల్లుడుగారి బండి ఎందుకు కదల్లేదని ఒకటి. చిన్నాన్నగారి అబ్బాయి తన సివిక్‌లో పాత రెండు లీటర్ల హోండా ఇంజిన్ వేయించుకుంటానంటున్నాడు, చెన్నై పుదుపేట పాత సామాన్ల బజార్లో ఎవరో ఇస్తామన్నారట, వాడికేం చెప్పమంటావని ఇంకొకటి. రెండింటికీ జవాబు ఒకటే. ఫోన్లో మొదలుపెడితే సగంలో అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నాను. వాడికి కూడా చదివి వినిపించండి.

మా బండి 2008 సివిక్. అందులోకి వచ్చింది 2002 నాటి అక్యురా ఆర్‌ఎస్‌ఎక్స్ టైప్-ఎస్ ఇంజిన్, అక్యురా కూడా హోండా వాళ్లదే. కె20ఏ2 అంటారు, 1998 సీసీ, 200 హార్స్‌పవర్. బండితో వచ్చిన 1.8 ఇంజిన్‌కి 140. ఇదే కె20 జాతి ఇంజిన్‌ని హోండా వాళ్లే ఇక్కడి సివిక్ ఎస్‌ఐ మోడల్‌లో పెట్టి అమ్మారు కాబట్టి మౌంట్లకీ షాఫ్టులకీ పెద్దగా తిప్పలు పడలేదు. ఆయనా, ఆయన స్నేహితుడూ క్రేన్ అద్దెకి తెచ్చి ఇంజిన్ కూర్చోబెట్టి, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. వైరింగ్ దగ్గరికొచ్చేసరికి "నువ్వు షాపులో పెరిగిన పిల్లవి కదా" అని నా నెత్తిన పెట్టారు.

ఇది రోడ్డు మీద తిరిగే బండి కాదు లెండి. మిడ్-ఒహాయో రేసు ట్రాక్‌కి ట్రెయిలర్ మీద వెళ్తుంది, ట్రెయిలర్ మీదే తిరిగొస్తుంది. రోడ్డు బండి అయితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. కాలిఫోర్నియాలో అయితే బండి తయారైన సంవత్సరం కంటే పాత ఇంజిన్‌ని రోడ్డు బండిలో పెడితే పొగ పరీక్ష దగ్గరే ఆపేస్తారు.

మీరు అంబాసిడర్‌కీ పద్మినికీ వైరింగ్ చేసిన రోజుల్లో ఇంజిన్‌కి కావలసిన వైర్లు వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. కాయిలుకి ఒకటి, డైనమోకి రెండు మూడు, సెల్ఫ్‌కి లావుపాటిది ఒకటి, ఆయిల్‌కీ టెంపరేచర్‌కీ చెరొకటి. ఇంజిన్ మారినా ఆ వైర్లే దానికి తగిలించేవారు. ఇప్పుడు ఇంజిన్ ఒక్కటే మారితే చాలదు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె ఒకటుంటుంది, దాన్నే ఈసీయూ అంటారు. ఏ ఇంజిన్‌కి ఏ ఈసీయూ అలవాటో అది దానితోనే రావాలి. క్రాంకు మీద ఉండే పళ్ల చక్రం సంగతే చూడండి. ఫోర్డ్ చాలా ఇంజిన్లకి 36 పళ్ల స్థానాల్లో ఒకటి ఖాళీ ఉంచుతుంది, బాష్ పద్ధతిలో 60కి రెండు ఖాళీ. ఆ ఖాళీని చూసే ఈసీయూ పిస్టన్ ఎక్కడుందో గుర్తుపడుతుంది. తనకి తెలియని లెక్క వస్తే స్పార్క్ ఇవ్వదు, పెట్రోలూ చల్లదు. అందుకే ఈ 2002 నాటి పాత ఇంజిన్‌ని ఆడించే పని దానితో వచ్చిన పాత ఈసీయూకే వదిలేశాను. ఇంజెక్టర్లు, కాయిళ్లు, సెన్సర్లకి వెళ్లే హార్నెస్, అంటే వైర్ల కట్ట, కూడా ఆ పాత ఆర్‌ఎస్‌ఎక్స్ బండిదే, ఎక్కడా కత్తిరించకుండా వేశాను.

అక్కడివరకు బాగానే ఉంటుంది. చిక్కంతా ఈ కొత్త బండికీ పాత ఈసీయూకీ పొత్తు కుదర్చడంలో ఉంది.

మొదట చేసిన పని ఒక నోటుబుక్కు కొనడం. పాత ఈసీయూ కనెక్టర్లలో ఒక్కో పిన్నూ రాసుకుని, అది దేనికి, ఎక్కడికి వెళ్లాలి, కొత్త బండిలో దాని జత ఎక్కడుంది అని గళ్లు గీసుకున్నాను. వైరు రంగుని నమ్మలేదు. ఒకే కంపెనీ అయినా మోడల్ మారితే రంగు మారుతుంది, పిన్ను నంబరే ఆధారం. రాసి చూసుకుంటే నిజంగా కలపాల్సినవి తక్కువే. ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు, సెల్ఫ్ కొడుతున్నామని చెప్పే సిగ్నల్, మెయిన్ రిలే, పెట్రోల్ పంపు, ఎర్తులు. ఇవి మీ కాలం పనులే. ఒక్క తేడా ఏమిటంటే రిలేకి పాజిటివ్ ఎప్పుడూ ఉంటుంది, ఈసీయూ ఎర్తు వైపు లాగి దాన్ని ఆన్ చేస్తుంది. తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లు తిరిగి ఆగిందంటే ఈ భాగం సరిగ్గా ఉన్నట్టే.

తర్వాత తాళంచెవి. చెవిలో ఉండే చిప్‌ని ఈసీయూ గుర్తుపట్టకపోతే ఇంజిన్ అంటుకోదు. వేరే బండి ఈసీయూ తెచ్చామంటే దాని చెవీ, చెవిని చదివే రింగూ కూడా తెచ్చుకోవాలి, లేదా ఇమ్మొబిలైజర్‌ని, అంటే ఈ చెవి కాపలాని, ఆపగలిగే ప్రోగ్రామింగ్ బోర్డు వేసుకోవాలి. మేం రెండోది చేశాం. చిన్నోడికి ఇది గట్టిగా చెప్పండి. పుదుపేటలో ఇంజిన్‌తో పాటు ఈసీయూ ఇస్తారేమో గానీ చెవి ఇవ్వరు.

ఆక్సిలరేటర్ సంగతి ఇంకోటి. పాత ఇంజిన్ థ్రాటిల్‌కి కేబుల్ కావాలి. 2008 సివిక్ పెడల్‌కి కేబులే లేదు, పెడల్ దగ్గర సెన్సర్, థ్రాటిల్ దగ్గర మోటారు. కేబుల్ పెడల్ తెచ్చి, ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకుకి (ఫైర్‌వాల్) రంధ్రం వేసి బిగించారు మీ అల్లుడు. ఆ పని చక్కగా చేశారు, ఒప్పుకోవాలి.

ఇక అసలు ఆలస్యమంతా డాష్‌బోర్డు దగ్గర. ఆర్‌పీఎం ముల్లుకి పాత ఈసీయూ ఒక వైరు మీద పల్సులు పంపుతుంది. మన మారుతి 800 కాలం నాటి పద్ధతికి ఇది దగ్గరే. ఈ సివిక్ డాష్‌బోర్డుకి ఆ పల్సు అక్కర్లేదు. ఇంజిన్ వేగం, నీళ్ల వేడి, చెక్ ఇంజిన్ లైటు, అన్నీ దానికి కాన్ లైన్ మీదే రావాలి. బాష్ వాళ్లు 1986లో డెట్రాయిట్‌లో బయటపెట్టిన పద్ధతి ఇది. పురి వేసిన రెండు వైర్లు, వాటి మీద బండిలోని పెట్టెలన్నీ మాట్లాడుకుంటాయి. రచ్చబండ దగ్గర మాటల్లాగే ఒకరు గట్టిగా చెప్తారు, కావలసినవాళ్లు వింటారు. ఈ బండిలో ఇలా మాటలు నడిచే లైన్లు రెండున్నాయి. ఇంజిన్, ఎబిఎస్, స్టీరింగ్ ఉండేది సెకనుకి 5 లక్షల బిట్లు పోయే లైన్. అద్దాలూ లైట్లూ వైపర్లూ ఉండేది ఇంకా నెమ్మది లైన్. బండితో వచ్చిన ఈసీయూని తీసేస్తే మొదటి లైన్ మీద ఇంజిన్ తరఫున మాట్లాడేవాళ్లే ఉండరు. ముల్లు లేవదు, స్టీరింగ్ హెచ్చరిక లైటు వెలుగుతుంది.

నేను చేసిందేమిటంటే, బండితో వచ్చిన 1.8 ఇంజిన్ దింపకముందే, అది ఇంకా ఆడుతుండగానే, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 పిన్నులకి లాప్‌టాప్ తగిలించి, ఆ లైన్ మీద పోయేవన్నీ రికార్డు చేసి పెట్టుకున్నాను. ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు ఏ అంకె పెరుగుతోంది, ఇంజిన్ వేడెక్కుతుంటే ఏది కదులుతోంది అని కూర్చుని చూశాను. తర్వాత ఒక చిన్న బోర్డు పెట్టి, పాత ఈసీయూ ఇచ్చే పల్సుని లెక్కపెట్టి, అదే రూపంలో సందేశంగా మార్చి లైన్ మీదికి పంపించాను. ఇంజిన్ దింపాక ఈ రికార్డు దొరకదు. చిన్నోడు ఇంకేం విన్నా వినకపోయినా ఈ ఒక్కటి చేసి పెట్టుకోమనండి. ఇంజిన్ మార్చకపోయినా ఆ రికార్డు పనికొస్తుంది.

బోర్డు పెట్టాక కూడా లైన్ వెంటనే కుదురుకోలేదు. బ్యాటరీ విప్పి రెండు కాన్ వైర్ల మధ్య ఓమ్స్ కొలిస్తే 60 రావాలి, 120 వచ్చింది. లైన్ రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది, రెండూ కలిస్తే 60. తీసేసిన ఈసీయూతో పాటు ఒక రెసిస్టర్ వెళ్లిపోయింది. దాని చోట ఇంకోటి వేశాను, లైన్ నిలబడింది.

మీ టెస్ట్ ల్యాంపు గురించి చెప్పకపోతే మీరే అడుగుతారు. దాన్ని ఈసీయూ పిన్నుల దగ్గరికి రానివ్వలేదు. అందులో ఉన్న 21 వాట్ల బల్బు 12 వోల్టులకి దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ముల్లుకి పల్సు పంపే చిన్న ట్రాన్సిస్టర్‌కి అది మోయలేని బరువు. కానీ ఫ్యూజుల వైపు, సెల్ఫ్ వైపు మల్టీమీటరు కంటే మీ బల్బే నయం. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, బల్బు పెడితే గుడ్డిగా వెలిగి అసలు సంగతి చెప్పేస్తుంది.

"ముందు ఎర్తు చూడు, తర్వాత దేవుణ్ణి తలుచుకో" అని మీరు షాపులో కుర్రాళ్లని తిట్టేవారు. అదే పనిచేసింది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, బాడీకి దానికదే అంటదు. మధ్యలో లావుపాటి ఎర్తు పట్టీ వేయకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కరెంటు థ్రాటిల్ కేబుల్ గుండానో సెన్సర్ల వైర్ల గుండానో దారి వెతుక్కుంటుంది. కేబుల్ కాలిపోతుంది. అందుకని బ్యాటరీ నుంచి బాడీకీ, బాడీ నుంచి ఇంజిన్‌కీ కొత్త పట్టీలు వేసి, సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఎంత వోల్టేజీ పడుతోందో చూశాం. 0.2 వోల్టుల లోపే ఉంది. సెన్సర్ల ఎర్తు మాత్రం బాడీకి కలపకుండా నేరుగా ఈసీయూకే తీసుకెళ్లాను.

టంకం విషయంలో మాత్రం మీతో ఒప్పుకోను నాన్నగారూ. టంకం వేసినంత మేర వైరు గట్టిపడి, ఆ గట్టి అంచు దగ్గరే వణుకుకి పోగులు తెగుతాయి. ఇంజిన్ మీద జాయింట్లన్నీ మంచి ప్లయర్‌తో క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడిగాను. మీరు వచ్చినప్పుడు గీకి చూసుకోండి.

బండి అంటుకుంది, ముల్లు లేస్తోంది, టెంపరేచర్ చూపిస్తోంది. స్టీరింగ్ లైటు ఇంకా ఆరలేదు, దానికి ఇంకో సందేశమేదో కావాలి, రికార్డులో వెతుకుతున్నాను. అదయ్యేదాకా ట్రాక్‌కి పంపనని ఆయనకి చెప్పేశాను. ఆయన మూతి ముడుచుకుని తిరుగుతున్నారు.

ఇప్పుడు చిన్నోడి సంగతి. రోజూ ఆఫీసుకి తిరగడానికైతే ఉన్న 1.8 ఇంజిన్‌కే రిపేరు చేయించుకోమనండి. అది మంచి ఇంజిన్. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీఓ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు. ఏ యాక్సిడెంటో అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అదే చూస్తారు. అలా కాదు, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో తిప్పడానికే అంటే షోళవరం రన్‌వే మీద రేసులు చూసిన మీరు వాడిని ఎలాగూ ఆపరు, నాకు తెలుసు. అప్పుడు మీరు కూడా వాడితో పుదుపేట వెళ్లండి. హార్నెస్ కట్టర్‌తో కోసేసి ఉంటే ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. కనెక్టర్ల దాకా నిండుగా ఉండాలి, ఈసీయూ, థ్రాటిల్, పెడల్, దొరికితే చెవితో సహా ఒకే బండివై ఉండాలి. ఈసీయూ మీద ఉండే లేబులుకీ కనెక్టర్లకీ ఫొటోలు తీసి నాకు పంపమనండి. అవి చూసి నేను సరేనన్నాకే అడ్వాన్స్ ఇమ్మనండి.

ఉంటాను. అక్కకీ పిల్లలకీ నా ముద్దులు.

మీ చిన్నమ్మాయి