ఆ రాత్రి ఐసీయూ ఆయమ్మకు, ఇంకా అందరికీ

అమ్మకు ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. ఫోన్లు ఎత్తే ఓపిక లేదు, మెసేజ్‌లకు విడివిడిగా జవాబులు రాయలేను. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. నిద్రలేని మొహంతో రాస్తున్నా కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

రెండోసారి గుండెపోటు. జనగామ నుంచి హైదరాబాద్ 85 కిలోమీటర్లు ఉంటుంది. భువనగిరి దాటేదాకా మాట్లాడుతూనే ఉందట, అదీ ఎవరిదో సీమంతం జాకెట్టు ఇంకా కాజాలు కుట్టలేదని. నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. రాత్రి ఒంటిగంట దాటాక డాక్టర్ బయటికొచ్చి చెప్పారు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "కళ్ళు". అందులో నా గొప్పేమీ లేదు, నేత్రదానం గురించి అమ్మ చిన్నప్పటి నుంచి నూరిపోసింది. ప్రాణం పోయాక ఆరు గంటల్లోపు కార్నియాలు, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొరలు, తీయాలి. అందాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచాలి. డెస్క్ దగ్గరున్న అబ్బాయి కంప్యూటర్‌లోంచి తలెత్తకుండా "అలాంటివన్నీ పొద్దున అడ్మిన్ వాళ్ళొచ్చాక మాట్లాడండి మేడమ్" అన్నాడు. ఎన్నింటికొస్తారు? తొమ్మిదిన్నరకు. ఇక లెక్క మీరే వేసుకోండి.

అక్కడే నేల తుడుస్తున్న ఆయమ్మ ఆ మాట విన్నది. బకెట్ గోడ వారకు జరిపి, చేతులు కడుక్కొని, "నువ్ జర జరుగు బిడ్డా" అని నన్ను తప్పించి లోపలికి పోయింది. దూది తడిపి రెండు కళ్ళ మీదా పెట్టింది. తన కుర్చీలో నడుముకు పెట్టుకునే దిండు తెచ్చి అమ్మ తల కింద పెట్టింది. ఏసీ గాలి నేరుగా అమ్మ మొహం మీద పడుతోందని స్టూలెక్కి మందుల డబ్బా అట్టముక్క అడ్డం పెట్టింది. తర్వాత కొంగులోంచి ఫోన్ తీసి, దానమిచ్చిన కళ్ళు తీసుకెళ్ళే ఐ బ్యాంకుకు తనే కలిపి, నాకిచ్చింది. ముందు పనిచేసిన చోట చూసి నేర్చుకున్నదట.

అప్పటిదాకా నేను ఏడవలేదు. సంతకాలు పెడుతున్నా, తమ్ముళ్ళకు ఫోన్లు చేస్తున్నా. ఆయమ్మ అమ్మ చేతికున్న సెలైన్ ప్లాస్టర్లు తీయడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే సర్రున లాగేస్తారు. ఆమె దూదిని స్పిరిట్‌లో ముంచి, ప్లాస్టర్ అంచు తడిపి, కాసేపు ఆగి, గోటితో కొంచెం ఎత్తి, మళ్ళీ తడిపి, అట్లా ఒక్కోటీ తీసింది. "ఇంకెందుకమ్మా అంత కష్టం" అన్నాను. "పెద్దపాణం గదా, తోలు పల్చగుంటది, మంట పుడతది" అన్నది. పుడతది! అమ్మ ఇంకా ఉన్నట్టే. "జర ఓపిక పట్టమ్మా, వాళ్ళు బయలెల్లిండ్రు" అని అమ్మతోనే చెప్పింది. నేను అక్కడే నేల మీద కూలబడ్డా.

డబ్బులిస్తే తీసుకోలేదు. పేరు రాయొద్దని మాత్రం చెప్పింది, ఉద్యోగం మీదికొస్తుందని. అందుకే రాయడం లేదు. అడ్డగుట్ట వైపు ఉంటుందని, డ్యూటీ దిగాక పొద్దున మొదటి బస్సు కోసం ఎదురుచూస్తుందని మాత్రం తెలుసు. అమ్మ ఎవరో ఆమెకు తెలియదు. నేనూ ఆ రాత్రి చెప్పలేదు. చెప్పాలని ఉంది కాబట్టి ఇక్కడ చెబుతున్నా.

జనగామలో అమ్మ జాకెట్లు కుట్టేది. మిషన్ ఆగిందంటే ఎవరింటికో పోయిందని మాకు అర్థం. పల్స్ పోలియో రోజుల్లో సుద్దముక్క పట్టుకొని వాడవాడా తిరిగేది. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి తలుపు మీద 'పి', ఎవరైనా మిగిలిపోతే 'ఎక్స్'. ఆ 'ఎక్స్' ఇళ్ళకు మర్నాడు పొద్దున్నే మళ్ళీ పోయేది. 2014లో దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చినప్పుడు టీవీ ముందు కూర్చొని, తనకే ఇచ్చినట్టు మురిసిపోయింది. మా బడి మీటింగులకు మాత్రం ఒక్కసారీ టైముకు రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, అదీ ఇక్కడ ఉండనీయండి.

నానమ్మ పోయినప్పటి నుంచి నేత్రదానం పట్టుకుంది. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 దాకా పక్షోత్సవాల ర్యాలీల్లో ముందు నడిచేది. కానీ అసలు పని ర్యాలీ కాదు, శవం ఇంకా ఇంట్లో ఉండగానే వెళ్ళి అడగడం. తిట్లు తినేది. "కండ్లిస్తే వచ్చే జన్మల గుడ్డోళ్ళయి పుడతరంట" అని ఒకావిడ అంటే, "అట్లనా? మరి అన్నదానం చేసినోళ్ళు ఆకలితోని పుడతరా?" అని అడిగింది. ఆ ఇంట్లోవాళ్ళు ఇచ్చారు. షుగరున్నా, అద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చని, మొహం ఏమీ మారదని, ఒక్కరి కళ్ళు ఇద్దరికి చూపివ్వొచ్చని అందరికీ విడమరచి చెప్పేది.

ఐ బ్యాంకు పిల్లలిద్దరూ చీకటి ఉండగానే వచ్చారు. కొంచెం రక్తం తీసుకున్నారు, ఫారం మీద నాతో, తమ్ముడితో సంతకాలు పెట్టించారు, అరగంట కూడా పట్టలేదు. రెప్పలు మూసి, అమ్మకు దండం పెట్టి వెళ్ళారు. వాళ్ళకూ నా దండాలు.

కళ్ళు తీసుకెళ్ళింది అరగంటలో. అమ్మను మాకు ఇచ్చింది మాత్రం మధ్యాహ్నం! ఇన్సూరెన్స్ ఫైనల్ అప్రూవల్ రాలేదట. బిల్లు తగాదా పేరుతో పార్థివదేహాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా ఉంది. కౌంటర్‌లో ఆ మాట అంటే "అది మా చేతుల్లో లేదు" అన్నారు. ఎవరి చేతుల్లో ఉందో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. అంత పెద్ద భవనంలో అధికారం లేని ఒక్క మనిషే పని చేసిపెట్టింది. సరే, ఇది కృతజ్ఞతల పోస్టు, ఇక్కడితో ఆపుతా.

తమ్ముళ్ళు, మరదళ్ళు, మా ఆయన, పిన్ని... వీళ్ళకు థాంక్స్ చెబితే తంతారు. చెప్పను.

108 పైలట్ అన్నకు, దారంతా అమ్మ చెయ్యి పట్టుకున్న టెక్నీషియన్ చెల్లెకు. మా పిల్లల్ని రెండు పూటలా పెట్టుకున్న బోడుప్పల్ పక్కింటి అక్కకు. కిరాయి తీసుకోని ఫ్రీజర్ బాక్స్ అన్నకు. పొదుపు సంఘం అక్కలకు, వచ్చిన వాళ్ళందరికీ వండిపెట్టినందుకు. అయ్యో, ఆస్పత్రి గేటు దగ్గర ఛాయ్ కొట్టాయన! డబ్బులు ఇవ్వడం ఎవరికీ గుర్తులేదు, ఆయనా అడగలేదు. ఈ వారంలో వచ్చి ఇస్తాం.

అమ్మ దగ్గర కుట్టడానికిచ్చిన జాకెట్లు పిన్ని దగ్గర ఉన్నాయి. కొలతల పుస్తకంలో పేర్లు రాసి ఉన్నాయి, జనగామ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళండి. సీమంతం జాకెట్టుకు కాజాలు ఎదురింటి వదిన కుట్టిపెట్టింది. వదినా, నిన్ను మర్చిపోయా, నీక్కూడా.