న్యూయార్క్ మేయర్ గారికి: అద్దె సాయం నిరాశ్రయుల షెల్టర్‌కి వెళ్లకముందే అందాలి

మేయర్ గారూ,

పేదల అద్దెలో కొంత నగరమే కట్టే సిటీఫెప్స్ అద్దె వోచర్‌ను విస్తరిస్తూ 2023లో నగర కౌన్సిల్ చట్టాలు చేసింది. అప్పటి మేయర్ ఆడమ్స్ వీటో చేస్తే 42-8 ఓట్లతో తోసిపుచ్చింది. అయినా అమలు కాలేదు. 2024లో పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే లీగల్ ఎయిడ్ సొసైటీ కోర్టుకెక్కితే, ఆగస్టులో కింది కోర్టు నగర ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. 2025 జులైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

కోర్టులకు ఏళ్లు పట్టినా, అద్దెదారుకు మిగిలేవి రోజులే. బకాయి నోటీసుకు 14 రోజులు. కేసు పడ్డాక జవాబుకు 10 రోజులు. ఓడితే ఇల్లు ఖాళీ చేయించే అధికారి (మార్షల్) నోటీసు, ఇంకో 14 రోజులు. కొత్త చట్టంలో ఆ మొదటి నోటీసే అర్హతకు ఆధారం. అసలు మేలంతా ఇక్కడే ఉంది: బకాయి కొండలా పెరగకముందే సాయం వస్తే యజమానీ రాజీకొస్తాడు. పాత నిబంధనల్లో, గతంలో షెల్టర్‌లో ఉండని చాలా కుటుంబాలకు ఈ దారే లేదు.

ఖర్చు పెరుగుతుందన్నది నిజమే. కానీ షెల్టర్ ఖర్చూ ఖజానాదే కదా!

అప్పీలు కోర్టు తీర్పును అమలు చేయండి. దరఖాస్తులు చూసే సిబ్బందిని ముందే పెంచండి. కాగితాలు ఆలస్యమైతే వోచర్ ఉన్నా ఇల్లు దక్కదు. హౌసింగ్ కోర్టులో కేసు పడ్డవాళ్ల ఫైళ్లు ముందు తీయించండి.

ఇట్లు,
అద్దెదారుల హక్కుల కోసం పనిచేసేవాళ్లం