మన ప్రాంతంలోని నాగశిల్పాలు: సంఘం వార్షిక కార్యక్రమాల నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశపు తీర్మానం మేరకు ఈ ఏడాది మన సంఘం ఓరుగల్లు, కరీంనగర్ ప్రాంతాల్లోని నాగశిల్పాల పరిశీలనను చేపట్టింది. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధస్తూపం నుంచి మొదలుపెట్టడం సబబని కార్యవర్గం భావించింది. జ్ఞానోదయం తరువాత ధ్యానంలో ఉన్న బుద్ధుడికి ఏడు రోజుల వానలో పడగపట్టిన ముచిలింద నాగరాజును అక్కడి శిల్పి సున్నపురాతి పలకపై చెక్కాడు. హనుమకొండ పద్మాక్షిగుట్టపై జైన తీర్థంకరుడైన పార్శ్వనాథుడి తలపైనా అదే పడగ నీడ కనిపిస్తుంది. రెండు మతాల శిల్పులూ సర్పాన్ని కాపుదారుగానే చూశారన్నది మా పరిశీలనలో తేలిన ముఖ్యాంశం.

కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి దగ్గర ఎక్కువసేపు గడిపాము. చూరు కింద వాలుగా నిలిపిన నల్లరాతి స్త్రీమూర్తులైన మదనికల్లో నాగిని ఒకతె. పాములే ఆమెకు ఆభరణాలు. అంత కఠినమైన రాతిలో ఆ మెలికల నునుపును సాధించిన చేతులకు ఎంత మొక్కినా తక్కువే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ గుడికి సందర్శకులు పెరిగారు గాని, చాలామంది తల పైకెత్తి మదనికలను చూడకుండానే వెళ్లిపోతున్నారు.

మనసుకు కష్టం కలిగించినవి ఊళ్లలోని నాగశిలలు. రావి, వేప చెట్ల మొదళ్లలో సంతానం కోరి ప్రతిష్ఠించిన జంటనాగుల రాళ్లకు శ్రావణమాసపు నాగుల పంచమినాడు పాలు పోసి, పసుపు కుంకుమలు పెట్టడం తరతరాల ఆచారం, దానిపై మనకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే ఇటీవల భక్తితోనే పూస్తున్న ఆయిల్ పెయింటు రాతిలోని తేమను బయటికి పోనివ్వదు. పైపొర పెచ్చులుగా ఊడి, పడగల గీతలు చెరిగిపోతాయి. గద్దెలకు వేస్తున్న సిమెంటు వల్ల కొన్ని రాళ్ల అడుగుభాగం కూడా పూడిపోయింది.

కాబట్టి వచ్చే ఏడాది ఊరిపెద్దల, పూజారుల సమ్మతితో నాగశిలల ఫొటోలు తీసి, కొలతలు, స్థలం నమోదు చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. ఏ రాయినీ ఉన్నచోటు నుంచి కదిలించరాదు, ఎవరూ సొంతంగా రంగు గీకరాదు. జమాఖర్చుల పట్టిక వేరుగా జతచేశాము. తమ ఊరి నాగశిలల వివరాలను సభ్యులు నాగుల పంచమిలోగా కార్యదర్శికి అందజేయగలరు.