డోంగర్‌గఢ్ దాటాక పట్టాలు తోడు రావు

దొనకొండ,
ఆదివారం రాత్రి

చిరంజీవి పాపకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాం.

ఫోన్లో అయితే నువ్వు "క్లాసుంది నాన్నా" అంటావు, నేను "సరే తల్లీ" అంటాను, అసలు మాట మిగిలిపోతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నీ సోలో క్రాస్ కంట్రీ, అదే విమానంలో నువ్వొక్కదానివే చేసిన దూరప్రయాణం, అయి మూడు వారాలైంది. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, రావాలంటే ఒక్కసారైనా 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా ఒంటరిగా ఎగరాలి, మధ్యలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో దిగి ఆగాలి అని నువ్వు చెప్పినప్పుడు నాకు "ఒంటరిగా" అన్న మాట ఒక్కటే చెవిన పడింది. ఆ రోజు అమ్మ పొద్దున్నే చింతపండు ముందేసుకుని కూర్చుంది. గింజ తీయడం, ఫోన్ వైపు చూడడం. మధ్యాహ్నం నీ ఫోన్ వచ్చేసరికి బుట్టెడు పండూ అయిపోయింది, వేళ్లు పుండ్లు పడ్డాయి. నువ్వు "బాగా జరిగింది నాన్నా, ఆకలేస్తోంది" అన్నావు. అమ్మ వెంటనే లేచి దీపం పెట్టింది.

నేను అడిగితే నువ్వు నీ నావ్ లాగ్, అదే దారీ ఎత్తూ టైమూ రాసుకునే కాగితం, ఫొటో పంపావు గుర్తుందా? ఊరికే చూసి దాచుకుంటానని అనుకుని ఉంటావు. నేను దాన్ని పెద్దది చేసి ప్రింటు తీయించాను. నువ్వు వదిలేసి పోయిన కంప్యూటర్లో మీ పెదనాన్న కొడుకు ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టించాడు, ఒక జాయ్‌స్టిక్ కొన్నాను. ఈ మూడు వారాలుగా నీ దారిలోనే ఎగురుతున్నాను.

ఎందుకో చెప్తాను. రైల్వేలో ఎంత సీనియర్ డ్రైవరైనా సరే, కొత్త సెక్షన్లో నేరుగా బండి చేతికివ్వరు. రోడ్ లెర్నింగ్ అని మూడు ట్రిప్పులు వేరే డ్రైవర్ పక్కన నిలబడి చూడాలి, అందులో ఒకటి రాత్రి ట్రిప్పు. ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు, ఏ మలుపు తిరిగాక సిగ్నల్ కనపడుతుంది, ఏ గేటు దగ్గర గొర్రెల మందలు అడ్డమొస్తాయి, ఇవన్నీ కంటికీ ఒంటికీ పట్టాలి. అప్పుడు ఈ రోడ్డు నాకు తెలుసు అని సంతకం పెట్టిస్తారు. గుంటూరు నుంచి నంద్యాల దాకా నేను కళ్లు మూసుకుని చెప్పగలను. నా కూతురు పోయిన రోడ్డు మాత్రం నాకు తెలియదంటే మనసొప్పలేదు.

మొదటి ట్రిప్పు. మీ ఫ్లయింగ్ స్కూలున్న గోందియా రన్‌వే మీద డైమండ్ డీఏ40 విమానాన్ని నిలబెట్టాను. నువ్వు చెప్పినట్టే నాలుగు సీట్లు, మోకాళ్ల మధ్య విమానం నడిపే కర్ర, తలమీద అంతా అద్దం. ఆ రన్‌వే కూడా రెండో ప్రపంచ యుద్ధం నాటిదేనట. మన దొనకొండ రన్‌వే లాగానే తెల్లవాళ్లు వేసింది. నువ్వు సైకిల్ నేర్చుకున్నది ఇక్కడ, విమానం నేర్చుకుంటున్నది అక్కడ. ఈ సంగతి తెలిసి అమ్మకు రెండుసార్లు చెప్పాను.

గోందియా నుంచి రాయ్‌పూర్‌కు 84 నాటికల్ మైళ్లు, ముప్పావు గంట. ఈ ముక్క నాకు కష్టమనిపించలేదు. ఎడమ పక్క ఖైరాగఢ్, తర్వాత శివనాథ్ నది, కుడి పక్క దుర్గ్, దాన్ని ఆనుకుని భిలాయ్. ఈ సిమ్యులేటర్లో నేలంతా ఉపగ్రహ ఫొటోలతో కట్టారు కాబట్టి ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి. భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ పక్కగా పోతుంటే చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మన దేశంలో రైలు పట్టాలు ఎక్కువగా తయారయ్యేది అక్కడేనమ్మా. నేను ముప్పై ఏళ్లకు పైగా బండి నడిపిన పట్టాల పుట్టిల్లు అది. నువ్వు దాని పక్కనుంచి ఒక్కదానివే ఎగిరిపోయావు.

ఇంకొకటి కూడా నాకు బాగా నచ్చింది. తూర్పుకి పోయేటప్పుడు 5,500 అడుగులు, పడమరకి వచ్చేటప్పుడు 4,500 అని నీ లాగ్‌లో రాసుంది. మొదట ఎందుకో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, మాకు అప్ లైను, డౌన్ లైను ఉన్నట్టు మీకు ఎత్తుల్లో లైన్లున్నాయి. ఎదురొచ్చేవాడు ఎప్పుడూ వేరే ఎత్తులో ఉంటాడు. కంటికి కనపడని ఆ లైన్ల మీద నాకు ఒక్కసారిగా నమ్మకం కుదిరింది.

అసలు సంగతి రాయ్‌పూర్ నుంచి నాగ్‌పూర్ దారిలో ఉంది. 151 మైళ్లు. రాజ్‌నంద్‌గావ్ దాకా, ఆ తర్వాత డోంగర్‌గఢ్ దాకా హౌరా-ముంబై మెయిన్ లైను కిందనే వస్తుంది. కొండమీద బమ్లేశ్వరి అమ్మవారి గుడి, కింద స్టేషను. నాకు హాయిగా ఉంది. పట్టాలు కనపడుతున్నంతసేపూ దారి తప్పుతానన్న ఆలోచనే రాలేదు. అట్లాగే పట్టాల వెంట పోతూ ఉన్నాను. కాసేపటికి దిక్సూచి చూస్తే హెడింగ్ 268 డిగ్రీలు, అంటే దాదాపు నేరుగా పడమర, ఉండాల్సింది 310 చూపిస్తోంది. డోంగర్‌గఢ్ దాటాక ఆ లైను వాయవ్యానికి తిరిగి గోందియా పోతుంది. నేను నాగ్‌పూర్ వదిలేసి, బయల్దేరిన చోటికే తిరిగిపోతున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు నన్ను పక్కదారి పట్టించింది.

అప్పుడు నీ లాగ్‌లో ఆ గడి చూశాను. అంతకుముందు పదిసార్లు చూసినా నాకు ఎక్కలేదు. "దేవ్‌రీ: కనపడలేదు. హెడింగ్ అట్లాగే. సాకోలీ: 4 నిమిషాలు లేటు." దారిలో గుర్తుగా పెట్టుకున్న ఊళ్లవి. పెన్సిల్‌తో రాశావు. పైవన్నీ నీ గుండ్రటి అక్షరాలే. ఈ ఒక్క లైన్లో మాత్రం అక్షరాలు చిన్నవైపోయి, పెన్సిల్ గట్టిగా నొక్కినట్టున్నాయి.

రెండో ట్రిప్పులో నీకున్న పరిస్థితే పెట్టుకున్నాను. ఎదురుగాలి 15 నాట్స్ (గంటకు 15 నాటికల్ మైళ్లు), ఎండాకాలపు మసక, 5 కిలోమీటర్లకు మించి కనపడకుండా. అమ్మ కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. డోంగర్‌గఢ్ దగ్గర పట్టాలు కుడికి వంగిపోయాయి. నేను వంగలేదు. కింద అంతా అడవి, ఏ చెట్టు చూసినా ఒక్కటే. హైవే ఎడమ పక్క ఉండాలి, లేదు. దేవ్‌రీ రావాల్సిన పన్నెండు నిమిషాలూ అయిపోయాయి. నా చేయి దానంతటదే కీబోర్డు మీద పాజ్ బటన్ దగ్గరికి పోయింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "పాపకు అది ఉందా?" అంది. చేయి తీసేశాను.

లెక్క నాకు తెలుసు. 110 నాట్స్‌తో పోవాల్సింది ఎదురుగాలికి 95 అయింది, డోంగర్‌గఢ్ నుంచి సాకోలీకి 24 నిమిషాల దూరం 28 అవుతుంది, ఇంకేం లేదు. ఊరు ఎక్కడికీ పోలేదు, మనమే ఇంకా రాలేదు. కాగితం మీద ఇది ఎనిమిదో క్లాసు లెక్క. అడవి మీద కూర్చుని ఆ లెక్కను నమ్మడం వేరే విషయం. ఎడమకి కొంచెం తిప్పితే హైవే దొరుకుతుందేమో, కుడికి తిప్పితే పట్టాలు దొరుకుతాయేమో అని లోపల ఒకటే పీకులాట. నేను కుర్చీలో, ఇంట్లో, ఫ్యాను కింద ఉన్నాను. అయినా చొక్కా తడిసింది. నువ్వు ఇరవై ఏళ్లదానివి, పక్క సీటు ఖాళీ, గడియారమూ 268 అంకే తప్ప ఇంకేమీ లేని చోట ఇరవై ఎనిమిది నిమిషాలు కర్ర కదపకుండా కూర్చున్నావు. అటు తర్వాత సాకోలీ వచ్చింది. ఆ తర్వాత భండారా పక్కన వైన్‌గంగ నది. ఆ నీళ్లు ప్రాణహితగా మారి గోదారిలో కలిసి మన వైపు వచ్చేవే. అది కనపడగానే అమ్మ దండం పెట్టింది.

నాగ్‌పూర్‌లో పెద్ద విమానం దిగేదాకా నిన్ను చుట్టూ తిరుగుతూ ఉండమన్నారని చెప్పావు కదా. మేం స్టేషను బయటి హోమ్ సిగ్నల్ దగ్గర బండి ఆపేసి టీ తాగేవాళ్లం. మీకు ఆగడం అంటే కూడా తిరగడమే. అక్కణ్ణుంచి గోందియాకు 74 మైళ్లు, మొత్తం 309 దాకా. మూడో ట్రిప్పు రాత్రి చేశాను. నువ్వు పగలే ఎగిరావు గానీ మా రూలు మాది. డోంగర్‌గఢ్‌కీ సాకోలీకీ మధ్య దీపాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పాపా, "బాగా జరిగింది" అన్నావు. నిజమే, బాగానే జరిగింది. నిన్ను తప్పు పట్టడానికి నాకు నోరు లేదు, ఎందుకంటే నేనూ అదే చేశాను. నీకు నాలుగేళ్లప్పుడు, వానాకాలంలో, సిమెంటు గూడ్సుతో దిగువమెట్ట-గాజులపల్లి మధ్య నల్లమల ఘాట్‌లో దిగుడు మీద ఉన్నాను. అర్ధరాత్రి. తడి పట్టాల మీద వెదురాకు రాలి ఉంది. బండి మొత్తానికి పట్టే ఎ-9 బ్రేకు వేశాను, వేగం తగ్గలేదు. పెరిగింది. చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక వదిలాను. నా అసిస్టెంటు నా ముఖం చూస్తున్నాడు, నేను మీటరు చూస్తున్నాను. రెండు నిమిషాలు ఉంటుందేమో, చక్రాలు పట్టాయి. తెల్లారి ఇంటికొచ్చి మీ అమ్మతో "బండి లేటు" అన్నాను. అంతే. నువ్వు నా టిఫిన్ డబ్బా తెరిచి మిగిలిన పులిహోర తిన్నావు. ఆ రెండు నిమిషాల సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. మొన్న రెండో ట్రిప్పు అయ్యాక కంప్యూటర్ ఆపి అమ్మకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇన్నేళ్లు ఎట్లా మోశావయ్యా" అంది.

నువ్వు అట్లా మోయొద్దు. నీ ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పాల్సింది ఆయనకు చెప్పు, మిగతాది మాకు చెప్పు. అమ్మకు బీపీ పెరుగుతుందని దాచకు. దేవ్‌రీ కనపడలేదని తెలిశాక ఆమె ఇప్పుడు రాత్రిళ్లు బాగానే నిద్రపోతోంది. తెలియనప్పుడే పట్టలేదు.

తర్వాతి క్రాస్ కంట్రీకి ముందే లాగ్ పంపు, మేం రోడ్డు నేర్చుకుని ఉంటాం. గింజ తీసిన చింతపండు రెండు కేజీలు, కొంచెం కారప్పొడి పార్శిల్ చేస్తున్నాం, హాస్టల్లో అందరికీ పెట్టు.

రెండు సంగతులు రాయి. నాగ్‌పూర్‌లో నిన్ను తిప్పింది కుడికా, ఎడమకా? నేను ఎడమకే తిప్పుతున్నాను. ఆ మసకలో సాకోలీ దగ్గర నీకు మొదట కనపడిందేంటి? నాకైతే సిమ్యులేటర్లో రోడ్డు మెలిక కనపడింది.

ఇట్లు
మీ నాన్న