వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, కార్తీక వనభోజనాలు, బడిపిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. మన సంఘం ఇంతకుముందు చేయని పని ఒకటి ఈసారి చేసింది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

విదేశంలో ఇమ్యునాలజీ (శరీర రోగనిరోధక శక్తి గురించిన శాస్త్రం) పరిశోధన చేస్తున్న మన కోనసీమ ఆడపడుచు సంక్రాంతికి పుట్టింటికి వచ్చి, సెలవంతా యూనివర్సిటీ ల్యాబ్‌లోనే గడిపారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పిల్లలు ఎనిమిది మంది ఆవిడ దగ్గర పని నేర్చుకున్నారు. కిట్ల ఖర్చు సంఘం పెట్టుకుంది.

ఆవిడ ఎంచుకున్న విషయం బోదకాలు, అంటే దోమకాటుతో ఒంట్లోకి చేరే సన్నటి పురుగుల వల్ల కాళ్లు వాచే జబ్బు. డెల్టాలో పుట్టినవాళ్లకి ఆ మాట కొత్త కాదు. దానికి వాడే డీఈసీ మందు వెనక, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఉంది. ఆవిడ మొదటి రోజు పిల్లల్ని ఒకటే అడిగారు. ఒకే ఇంట్లో అవే దోమలు కుడుతుంటే, ఒకరికి కాలు వాస్తుంది, ఇంకొకరికి రక్తంలో పురుగు పిల్లలు తిరుగుతున్నా ఏమీ తెలియదు. ఎందుకని? పురుగు మన రోగనిరోధక శక్తిని జోకొట్టి, లింఫ్ నాళాల్లో (ఒంట్లోని అదనపు నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో) ఏళ్ల తరబడి కాపురం ఉంటుంది. అలాంటివాళ్లలో ఐజీజీ4 అనే రకం యాంటీబాడీలు (బయటి నుంచి చొరబడినవాటిని గుర్తుపట్టి శరీరం తయారుచేసే ప్రోటీన్లు) ఎక్కువగా కనిపిస్తాయి. శరీరం గట్టిగా ఎదురుతిరిగినచోట నాళాలే దెబ్బతింటాయి.

ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రలు వేసుకుంటే జ్వరం వస్తుందని చాలామంది వాటిని గూట్లో పెట్టేస్తారు. రక్తంలోని పురుగు పిల్లలు ఒక్కసారిగా చచ్చినప్పుడు శరీరం చేసే గొడవే ఆ జ్వరమని ఆవిడ వివరించారు. ఒక అమ్మాయి ఆ సాయంత్రమే వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది. "మామ్మా, అప్పుడు నీకు జ్వరం వచ్చింది మందు పడకపోవడం వల్ల కాదంట, పురుగులు చచ్చి వచ్చిందంట. ఈసారి మానకు."

రక్తంలో యాంటీబాడీలు ఉంటే రంగు చూపించే పరీక్ష ఎలైజా. దానికి పిల్లలు చేసిన మొదటి ప్లేటు పాడైంది. ఆఖర్న యాసిడ్ వేయగానే, రంగు రాకూడని, నమూనా వేయని ఖాళీ గుంటలతో సహా 96 గుంటలూ పసుపురంగుకి తిరిగాయి. అందరికీ టెన్షన్. ఆవిడ కసురుకోలేదు. ప్లేటు పారేయనివ్వకుండా, ఎవరు ఏ వరుస ఎన్నిసార్లు కడిగారో నోటుపుస్తకంలో రాయించారు. అందరూ కడగడం తొందరగా కానిచ్చారని రాసింది చూస్తేనే తెలిసింది. రెండో ప్లేటు ఆ పిల్లలే చేశారు, ఆవిడ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. ఖాళీ గుంటలు తెల్లగా నిలిచాయి. ఆ రోజు అక్కడున్న మా కార్యవర్గ సభ్యులకు ఇందులో సైన్సు ఎంత అర్థమైందో గానీ, ఆ పిల్లల ముఖాలు మాత్రం మరచిపోలేం.

ఒక లోటు ఉంది. ల్యాబ్‌లో కరెంటు పోతే ఫ్రిజ్‌కి ఆసరా లేదు. కిట్లు పాడవకుండా ఐసు డబ్బాల్లో దాచుకున్నారు. ఇన్వర్టర్ కొనాలని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే సంక్రాంతికి ఆవిడ మళ్లీ వస్తున్నారు. దూరం ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలకు యూనివర్సిటీకి దగ్గర్లో బస కావాలి. ఖాళీ గది ఇవ్వగల సభ్యులు దీపావళిలోగా కార్యదర్శికి చెప్పండి.